ఉప్పులో పెరిగిన వేరు

చోంగ్జు
మార్చి మొదటి వారం

ప్యో గ్యుహో గారికి,

నమస్కారం. మీరు క్షేమమని తలుస్తాను. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, ఫోన్‌లో మనం మూడో మాటకే పోట్లాటకు దిగుతామని మీకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకని ఉత్తరం.

చలికాలంలో మా ప్రయోగశాలలో గాలిని వడపోసే గొట్టం ఒకటి చిట్లింది. ఎవరూ గమనించలేదు. గమనించేసరికి జిన్సెంగ్ వేళ్లున్న గాజు పాత్రలన్నీ బియ్యం కడిగిన నీళ్లలా తెల్లబడిపోయాయి. బూజు. ఒక్కటీ దక్కలేదు. అన్నింటినీ మరిగించి పారబోయాల్సి వచ్చింది. పారబోసింది నేనే.

మా నాన్న పోయే ముందు ఆఖరిసారి కొండెక్కినప్పుడు తవ్వితెచ్చిన అడవి జిన్సెంగ్ అది. పెళ్లయిన ఏడాది మనిద్దరం దానిలోంచి గోరంత ముక్క కోసి, మట్టి అన్నది తగలకుండా, పోషక ద్రవంలోనే ఇన్నేళ్లూ పెంచుకుంటూ వచ్చాం. ఇప్పుడది ఇక్కడ లేదు. విడిపోయినప్పుడు సగం పాత్రలు మీరు దీవికి తీసుకెళ్లారు. కాబట్టి ఈ లోకంలో అది ఎక్కడైనా ఉంటే మీ దగ్గరే ఉండాలి.

ఒక్క సీసాడు వేళ్లు పంపగలరా? శరత్కాలంలోపు వేళ్లు మళ్లీ పెంచి, వాటిలో మందుగుణం కూడా పెరిగిందని చూపించాలని బంగ్ డైరెక్టర్ గడువు పెట్టారు. లేకపోతే మా పాత్రలన్నీ కలబంద మీద పనిచేసేవాళ్లకు ఇచ్చేస్తారట.

ఇది ప్రయోగశాల తరఫున అడుగుతున్నది. నా సొంతానికి కాదు.

ఇట్లు,
ఓక్ హ్యేరిమ్


హాబూరి, షినాన్ దీవులు
మార్చి

ఓక్ హ్యేరిమ్ గారికి,

గాలి ఎక్కువై పడవలు ఆగిపోవడంతో మీ ఉత్తరం ఆలస్యంగా అందింది. ‘పారబోసింది నేనే’ అన్న చోట చదవడం ఆపి కాసేపు బయటికెళ్లి నిలబడ్డాను. చాలా బాధ కలిగింది.

నా దగ్గర వేరు ఉంది. కానీ మీరు చూస్తే గుర్తుపట్టరు. సముద్రాన్ని గట్టుకట్టి వెనక్కి నెట్టిన నేలలో ఏ మొక్క బతుకుతుందో చూడటం ఇక్కడ నా ఉద్యోగం. ఆ పని ముగిశాక ఈ వేళ్లను ఉప్పు కలిపిన ద్రవంలో పెంచుతున్నాను. మీరు వద్దన్న పనే. ‘ఇది పరిశోధన కాదు, కిమ్చీకి క్యాబేజీ ఊరేస్తున్నావు’ అని అందరి ముందూ అన్నారు. డైరెక్టర్ గారు నవ్వు ఆపుకోవడానికి దగ్గారు.

సంగతి ఏమిటంటే, ఉప్పు తగలగానే వేరు బెదిరిపోతుంది. పెరగడం మానేస్తుంది. పొట్టిగా, మొద్దుగా, పసుపు రంగుకు తిరుగుతుంది. కానీ జిన్సెంగ్‌కు మందుగుణం ఇచ్చే ఆ చేదు పదార్థం ఉందే, దాన్ని మామూలుకన్నా ఎక్కువ చేసుకుంటుంది. ఉప్పు ఇంకాస్త పెంచామా, చేదూ ఉండదు, వేరూ ఉండదు. నల్లబడి చచ్చిపోతుంది. మొత్తానికి నేను ఊరేసింది క్యాబేజీ కాదని మనవి.

అయితే ఇప్పుడు పంపడం కుదరదు. మన్నించండి.

ఇట్లు (మీరు పెట్టారు కాబట్టి నేనూ పెడుతున్నాను),
ప్యో గ్యుహో


చోంగ్జు
ఏప్రిల్

గ్యుహో గారికి,

‘కుదరదు.’ ఒక్క ముక్కలో తేల్చేశారు. ఎందుకు కుదరదో రాయడానికి సిరా అయిపోయిందా? దీవికి ఉద్యోగం వేయించుకున్నప్పుడూ ఇంతే. అంతా ఖాయమై, సామాను సర్దడానికి అట్టపెట్టెలు తెచ్చాక నాకు చెప్పారు. నేను అడిగింది మీ ఉప్పు కాదు, మా నాన్న వేరు.

నా సొంతానికి కాదని మొన్న రాశాను. అది అబద్ధం. ఇప్పుడు నిజం రాస్తాను.

మా అమ్మ సంగతి మీకు తెలుసు. ఆదివారం చర్చి అవగానే తిన్నగా ప్రయోగశాలకు వస్తుంది. ఆ పాత్ర ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. గాజు మీద వేలితో తట్టి, “ఏవండీ, చలేస్తోందా? ఈ పిల్ల మిమ్మల్ని సరిగ్గా చూసుకుంటోందా?” అని పలకరిస్తుంది. పక్కింటి వాళ్ల గొడవలు, ముల్లంగి ధర, తన మోకాళ్ల నొప్పి, అన్నీ చెప్పుకుంటుంది. మీరు ఇక్కడున్నప్పుడు మీ మీద చాడీలు కూడా చెప్పేది.

వేళ్లు పోయిన సంగతి అమ్మకు చెప్పలేదు. తోటలో పెంచిన మామూలు జిన్సెంగ్ వేళ్లు పక్క ప్రయోగశాలలో ఒక పాత్రలో ఉంటే, వాటిని తెచ్చి అదే చోట పెట్టాను. ఎవరిదో వేరు. అమ్మ దాని ముందు కూర్చుని, “ఏవండీ, ఈ వారం కాస్త చిక్కారే” అంటుంది. నేను పక్కనే నిలబడి తలాడిస్తాను.

ఇంకెన్ని ఆదివారాలు ఇలా నిలబడమంటారు?

హ్యేరిమ్


హాబూరి
ఏప్రిల్ చివర

హ్యేరిమ్‌కి,

గారు పెట్టడం నాకు చేతకావడం లేదు. కోపం వస్తే మళ్లీ పెడతాను.

అత్తయ్య ఆ కుర్చీలో కూర్చుని మాట్లాడటం నేనెన్నిసార్లు విన్నానో. ఒకసారి, “మీ అల్లుడు మళ్లీ సాక్సులు మంచం కింద పడేశాడండీ, మీరే చెప్పండి” అని మామయ్యకు ఫిర్యాదు చేసింది. నేను తలుపు వెనకే ఉన్నాను. ఆ రోజు నుంచి ఆ పాత్ర దగ్గరికి వెళ్లినప్పుడల్లా కాస్త వంగి వెళ్లేవాణ్ణి. అత్తయ్య అని రాయొచ్చో లేదో తెలియదు. రాసేశాను, కొట్టివేయను.

ఎందుకు కుదరదో చెబుతాను. నా దగ్గర మిగిలింది ఒకే ఒక్క పాత్ర. మొదటి ఏడాది తొందరపడి ఉప్పు ఒక్కసారిగా పెంచాను. ఉదయం చూస్తే చాలా పాత్రలు టీ డికాక్షన్‌లా నల్లబడి ఉన్నాయి. ఆ తర్వాత జాగ్రత్తపడినా ఒక్కొక్కటీ పోతూ వచ్చింది. ఉన్న ఈ ఒక్కటీ కొద్దిపాటి ఉప్పుకు అలవాటుపడి, పెరగకా చావకా అలా ఉంది. దారిలో దీనికి ఏమైనా అయితే ఇక ఎవరి దగ్గరా లేనట్టే. అది ఒక కారణం.

రెండోది, ఈ ఇంట్లో మీ ఇంటి నుంచి వచ్చిన వస్తువు అదొక్కటే. పొద్దున లేవగానే నేను చూసేది దాన్నే.

దీన్ని మెల్లగా ఉప్పు లేని ద్రవంలోకి దింపితే మళ్లీ పెరుగుతుందేమో. పెరిగితే రెండు చేస్తాను. ఒకటి నీది. ఎలా దింపాలో నీకే బాగా తెలుసు. నా చేతికి ఓపిక తక్కువని నువ్వే అనేదానివి. రాయి.

గ్యుహో


చోంగ్జు
మే

గ్యుహో గారికి,

(నాకు ఇంకా కోపం పోలేదు కాబట్టి గారు ఉంటుంది.)

ఒక్కసారిగా మార్చకండి. ద్రవం మార్చిన ప్రతిసారీ ఉప్పు కాస్త తగ్గించండి. వేరు చివర్లు తెల్లగా కనిపించేదాకా ఆగి, అప్పుడు మళ్లీ తగ్గించండి. ముదురు గోధుమ రంగు ముక్కలు కత్తిరించి తీసేయండి. జాలిపడి ఉంచొద్దు. మీకు పారేయాలంటే జాలి, అందుకే ఫ్రిజ్‌లో ఎప్పుడూ ఎండిపోయిన పచ్చిమిరపకాయలుండేవి. చేతులు స్పిరిట్‌తో తుడుచుకుని ఆరనివ్వండి. పని చేస్తూ ఈల వేయకండి. మీ నోటిగాలిలో ఉన్నన్ని క్రిములు మురికి కాలవలో కూడా ఉండవు.

వంట ఎవరు చేస్తున్నారు? అక్షరాలు కిందికి జారుతున్నాయి. నడుంనొప్పి వచ్చినప్పుడే మీరలా రాస్తారు.

అమ్మ సంగతి ఒకటి చెప్పాలి. నిజం చెప్పేద్దామని పోయిన ఆదివారం నోరు తెరిచాను. “అమ్మా, ఆ పాత్రలో ఉన్నది...” అన్నానో లేదో, “మీ నాన్న కాదు. తెలుసులేవే” అంది.

“ఎప్పటి నుంచి?” అన్నాను.

“చలికాలం నుంచి. ఇదివరకు నువ్వొచ్చి గాజు మీద చెయ్యి వేసి నిలబడేదానివి. ఇప్పుడు పరాయివాడి పక్కన నిలబడ్డట్టు బారెడు దూరంలో ఉంటున్నావు.”

“మరి తెలిసీ వారం వారం మాట్లాడుతున్నావేం?”

“నువ్వు కష్టపడి తెచ్చి పెట్టావు కదా. మాట్లాడకపోతే నువ్వు బాధపడతావని. అయినా పాపం, వీడెవడో మంచివాడే. అన్నీ వింటాడు.”

ఇద్దరం నవ్వాం. తర్వాత అమ్మ జేబురుమాలు తీసుకుని కిటికీ వైపు తిరిగింది. ఆ తర్వాత నేను.

మీ దగ్గర ఒక పాత్ర మిగిలిందని చెప్పాను. “ఉప్పులోనా? మీ నాన్నకు ఉప్పు చేప అంటే ప్రాణం. హాయిగానే ఉంటాడు” అంది.

హ్యేరిమ్


హాబూరి
జులై

హ్యేరిమ్‌కి,

వాన. గట్టు మీద నడవలేకపోతున్నాం. నడుంనొప్పి నిజమే. వంట నేనే, కాబట్టి దాన్ని వంట అనకూడదు.

నువ్వు చెప్పినట్టే చేశాను. ఈల వేయలేదు. మొదటి వారాలు ఏమీ జరగలేదు. ఆ తర్వాత ఒకరోజు పాత్రను వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే, పాత మొద్దు వేరు పక్కనుంచి పాలపళ్లలా తెల్లటి చివర్లు. ఒక్కటి కాదు, అంతటా. ఆపుకోలేక గట్టిగా అరిచాను. మామయ్య కొండ మీద వేరు కనపడినప్పుడు అలాగే అరిచేవాడట కదా. పక్కింటి ఉప్పుమడుల ముసలాయన పాము వచ్చిందనుకుని కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

అయితే దాంతో ఒక చిక్కు వచ్చింది. బాగా పెరిగిన ఆ వేరును నమిలి చూస్తే చేదే లేదు. ముల్లంగిలా ఉంది. పెరిగితే మందు లేదు, మందుంటే పెరుగుదల లేదు. ఇంత చేసీ ఇదేనా అని రెండు రోజులు పాత్ర ముఖం చూడలేదు.

తర్వాత ఇలా చేశాను. ఒక భాగాన్ని ఉప్పు లేకుండా పూర్తిగా, దిట్టంగా పెరగనిచ్చాను. ఇక కోతకు వారముందనగా మాత్రమే ఉప్పు తగిలించాను. పెరగాల్సింది అప్పటికే పెరిగింది. నల్లబడలేదు, చావలేదు. ఎండబెట్టి పొడిచేసి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. నా నాలుక చేదని చెబుతోంది. కానీ నా నాలుకను డైరెక్టర్ గారు ఒప్పుకోరు. నీ దగ్గర యంత్రం ఉంది. చూసి చెప్పు. మంచి కబురు కాకపోతే మెల్లగా చెప్పు.

గ్యుహో


చోంగ్జు
ఆగస్టు

గ్యుహో,

చూశాను. నమ్మలేక, మళ్లీ మొదటి నుంచి చేశాను. మళ్లీ అదే. చేదు మన పాత వేళ్లలో ఉన్నదానికి ఇంచుమించు రెండింతలు.

డైరెక్టర్ గారికి కాగితం చూపిస్తే నమ్మలేదు. “మీ యంత్రం పాడైందేమో చూసుకోండి” అన్నారు. చెంచాతో పొడి తీసి చేతిలో వేశాను. నోట్లో వేసుకున్నారు. ఆ ముఖం నువ్వు చూడాల్సింది. కళ్లనీళ్లతో ఓ చెంబెడు బార్లీ నీళ్లు తాగి, “సరే, శరత్కాలం దాకా పాత్రలు ఎవరూ ముట్టుకోరు” అన్నారు. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగి, “చూశారా, మనుషులైనా వేళ్లయినా కష్టాల్లోనే పదునెక్కుతారు” అన్నారు. ఒళ్లు మండింది. ముందు కడుపునిండా పెట్టి పెంచామని ఆయనకు ఎవరు చెబుతారు.

ఇప్పుడు పంపు. కాదు, పంపకు. పోస్టువాళ్లను నమ్మను. నువ్వే తీసుకురా. నడుంనొప్పికి ఇక్కడ మంచి డాక్టరున్నాడు. అమ్మ నీకోసం సముద్రపు నాచు పులుసు చేస్తానంటోంది. ఆ పులుసు తినేవాడు లేక గిన్నె పైన పెట్టేశామట. నేను తిననా? నన్ను లెక్కలో వేసుకోదు.

గారు ఎక్కడికి పోయిందని అడగకు.

హ్యేరిమ్


హాబూరి
ఆగస్టు చివర

హ్యేరిమ్‌కి,

నీకు ఒకటి చెప్పలేదు.

జూన్‌లో నేను చోంగ్జు వచ్చాను.

అత్తయ్య సంగతి రాసిన నీ ఉత్తరం చదివాక ఆగలేకపోయాను. అప్పటికి వేరు కాస్త పుంజుకుంటోంది. అందులోంచి కొంత తీసి చిన్న సీసాలో పెట్టుకుని, పడవెక్కి, మొక్పో రేవులో దిగి బస్సెక్కి వచ్చాను. సీసాను తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. మీ వీధి మలుపు దాకా వచ్చాను. కిటికీ తెరిచే ఉంది. అత్తయ్య ఏదో అంటోంది, నువ్వు నవ్వుతున్నావు. నీ నవ్వు వీధిలోకి వినిపించింది. మనం ఒకే ఇంట్లో ఉన్న ఆఖరి ఏడాదిలో ఆ నవ్వు నేను వినలేదు.

నేను తలుపు కొడితే అది ఆగిపోతుందనిపించింది. అంతే. ఇంకే కారణమూ లేదు. కిరాణా కొట్టు ముందు బల్ల మీద చాలాసేపు కూర్చున్నాను. కొట్టామె “ఎవరి కోసమయ్యా?” అని అడిగితే, “బస్సు కోసం” అన్నాను. అక్కడ బస్సు ఆగదని ఆమె చెప్పింది.

తిరుగు దారిలో బస్సు పొయ్యిలా ఉంది. ఇంటికొచ్చి చూస్తే సీసాలో వేరు మెత్తబడిపోయింది. నీ వాటాను నేనే మోసుకొచ్చి, మోసుకెళ్లి, చంపాను. జులైలో నీకు రాసినదంతా ఇంట్లో మిగిలిన దాని గురించి. దీని గురించి రాయలేదు.

అందుకే మళ్లీ తేలేను. నా చేతుల మీద నాకు నమ్మకం లేదు.

ఇంకో మాట. ఇక్కడివాళ్లు మరో రెండేళ్లు ఉండమంటున్నారు. ఉప్పునేల పని సగంలో ఉంది. నవంబరులోగా చెప్పాలి. ఏం చెప్పమంటావు?

గ్యుహో


చోంగ్జు
సెప్టెంబరు

గ్యుహో,

నీ ఉత్తరం చదివి అమ్మకు వినిపించాను. అంతా కాదు, నాకు మాత్రమే రాశావనిపించిన చోట్లు వదిలేసి. అమ్మ అంది: “వీధి మలుపు దాకా వచ్చి వెనక్కి పోయాడా? వెధవ. ఆ రోజు నేను గుమ్మడికాయ అట్లు వేశాను కూడాను.”

ఆ రోజు నేనెందుకు నవ్వానో నాకు గుర్తులేదు. ఎంత గుర్తు తెచ్చుకుందామన్నా రావడం లేదు. నువ్వు తలుపు కొట్టి ఉంటే ఆగేదో ఆగదో నేను మాత్రం ఏం చెప్పను? కొట్టాల్సింది.

మేమే వస్తున్నాం. అక్టోబరులో, ఎండ తగ్గాక. అమ్మ పుట్టాక పడవెక్కలేదు, కొండ మనిషి. “మునిగిపోతే?” అంటుంది. మళ్లీ తనే, “ఆయన్ను తెచ్చుకోవాలి కదా” అంటుంది. మంచుముక్కలు వేసే పెట్టె ఒకటి ప్రయోగశాల నుంచి తెస్తున్నాను. సీసాను తువ్వాలులో చుట్టే మనిషిని నేనింతవరకు చూడలేదు.

రెండేళ్ల సంగతి అక్కడికొచ్చాక మాట్లాడదాం.

హ్యేరిమ్


హాబూరి
అక్టోబరు చివర

హ్యేరిమ్‌కి,

మీరు వెళ్లాక గట్టు మీద నిలబడి పడవ చుక్కయ్యేదాకా చూశాను. చుక్క కూడా పోయాక ఏం చేయాలో తోచక, తడిసిన గడ్డి పెరుక్కుంటూ వచ్చాను.

ఇల్లు వింతగా ఉంది. నేను ఒక్కణ్ణే ఉన్నప్పుడు ఇంత ఖాళీగా లేదు. అత్తయ్య కడిగిపెట్టిన గిన్నెలు బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి. తీస్తే మళ్లీ అలా పెట్టడం నాకు రాదు.

పడవలో వాంతులతో సగమైన మనిషి, లోపలికి రాగానే చెప్పులైనా విప్పకుండా పాత్ర దగ్గరికెళ్లి, “ఏవండీ, నన్ను ఇంత దూరం నడిపించారు” అని కూలబడింది చూడు, అప్పుడు నేను పెరట్లోకి పోయాను. నువ్వు నా వెనకే వచ్చావు. ఇద్దరం ఎండబెట్టిన చేపల కింద నిలబడి, ఆ చేపల గురించే మాట్లాడుకున్నాం. ఉప్పు సరిపోయిందా, ఇంకో ఎండ కావాలా అని. అంతసేపు చేపల గురించి మాట్లాడినవాళ్లు ఈ దీవిలోనే ఎవరూ ఉండరు.

మూడు రోజులున్నారు. రెండేళ్ల సంగతి నువ్వెత్తలేదు. నేనూ ఎత్తలేదు. రేవులో నువ్వు నా కాలరు సరిచేసి, ఆ చెయ్యి వెంటనే తీసేశావు. తీయకుండా ఉంటే అప్పుడే చెప్పేసేవాణ్ణి, ఉద్యోగం వద్దని.

నవంబరు వస్తోంది. నువ్వు రమ్మంటే వస్తాను. ఉండమంటే ఉంటాను. ఏదో ఒకటి నువ్వే చెప్పాలని కాదు. నువ్వు చెప్పకుండా ఈసారి నేనేదీ చేయను.

గ్యుహో


చోంగ్జు
నవంబరు

గ్యుహో,

వేళ్లు క్షేమంగా చేరాయి. దారి పొడుగునా పెట్టెను అమ్మ ఒళ్లో పెట్టుకుని, ఎవరినీ పక్క సీటులో కూర్చోనివ్వలేదు. ఇక్కడ పెద్ద పాత్రలోకి మార్చాం, చివర్లు తెల్లగా వేస్తున్నాయి. డైరెక్టర్ గారు సంతకం పెట్టారు, పాత్రలు మనవే. ముందు పెంపకం, ఆఖర్న ఉప్పు, ఈ పద్ధతి మీద ఇద్దరి పేర్లూ ఉంటాయి. నీది ముందు పెట్టమన్నాను. అక్కడితో వేళ్ల సంగతి సరి.

అమ్మ ఆదివారం వచ్చి ఆ రెండో పాత్ర దగ్గర కూడా ఆగుతోంది. ఆ మామూలు వేరు దగ్గర. “వీడికి మరీ అలవాటైపోయాను, మానేస్తే ఏమనుకుంటాడు” అంటోంది.

నువ్వడిగినదానికి జవాబు. ఉండు. పని సగంలో వదిలేసి నాకోసం వచ్చినవాణ్ణి నేను భరించలేను. రోజూ కిటికీ దగ్గర నిలబడి ఉప్పునేల గురించి ఆలోచిస్తావు, అది చూసి నాకు కోపం వస్తుంది, మళ్లీ మొదలు. నేను కూడా ఇప్పుడు రాలేను. ఈ పాత్రలను ఇంకొకరి చేతికిచ్చి రావడానికి నాకు మనసు ఒప్పదు. పైగా అమ్మ మళ్లీ పడవెక్కనని ఒట్టు పెట్టుకుంది. రెండేళ్లు అంటే ఎంతో నాకు తెలుసు. తెలిసే చెబుతున్నాను.

కానీ మధ్యలో రా. ఎండాకాలంలో వద్దు, చలికాలంలో రా. ఊరికే రా, చేతిలో ఏమీ లేకుండా.

రేవులో చెయ్యి ఎందుకు తీశానో చెప్పనా? తీయకపోతే పడవెక్కేదాన్ని కాదు. పెట్టె పట్టుకుని అమ్మ ఒక్కతే వెళ్లాల్సి వచ్చేది.

ఇంతకుముందు నీకు ఉత్తరం రాయాలంటే ఎప్పుడూ ఒక కారణం ఉండేది. వేరు పోయింది, వేరు కావాలి, వేరు వచ్చింది. ఈ రోజు ఇవన్నీ రాసేసి చూస్తే, కాగితం ఇంకా సగం ఖాళీగా ఉంది. రాయాల్సిన పనేమీ మిగల్లేదు. అయినా లేవబుద్ధి కావడం లేదు. బయట ముల్లంగి బండివాడు అరుస్తున్నాడు, అమ్మ వాడితో బేరమాడుతోంది, నేను కలం పట్టుకుని కూర్చున్నాను. నువ్వక్కడ ఇప్పుడు ఏం చేస్తున్నావో అనుకుంటున్నాను. అంతే. ఇంకేం లేదు.

హ్యేరిమ్